నాన్న పుస్తకానికి నేను తీసిన ఫొటో

పాస్‌వర్డ్ మేనేజర్ అన్న మాట ఎవరి నోట విన్నా నేను వేసే ప్రశ్న ఒకటే ఉండేది: "పాస్‌వర్డ్‌లన్నీ ఎక్కడ దాస్తారు?" అవతలివాళ్లు "వాళ్ల సర్వర్లో" అనగానే నా తీర్పు అయిపోయేది. మన ఇంటి గుట్టు తీసుకెళ్లి ఊరూపేరూ తెలియని కంపెనీ చేతిలో పెట్టడమేమిటి, రేపు అక్కడ దొంగలు పడితే ఎవరిని అడుగుతాం అని గట్టిగా వాదించేవాణ్ని. విజయవాడలో డీటీపీ సెంటర్ పెట్టుకుని ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందే బతుకుతున్నవాణ్ని కనుక బంధువులూ స్నేహితులూ నా మాట నమ్మేవారు. నేను వేసిన ప్రశ్నే సరైంది కాదు. దాన్ని పట్టుకుని నేను నష్టపోవడమే కాక, నమ్మినవాళ్లను కూడా తప్పుదారి పట్టించాను. అందుకే ఇదంతా దాచకుండా రాస్తున్నాను.

2022 చివర్లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ గురించి వార్త వచ్చింది. ఆ ఆగస్టులో కంపెనీలోకి దొంగలు చొరబడ్డారనీ, తర్వాత ఖాతాదారుల వాల్టుల, అంటే పాస్‌వర్డ్‌ల పెట్టెల, బ్యాకప్ కాపీలు ఎత్తుకుపోయారనీ డిసెంబరు 22న కంపెనీయే ప్రకటించింది. ఆ వార్త నాకు పండగలా అనిపించింది. శీర్షికతో పాటు రెండు పేరాలు చదివి, దాని లింకు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి, "నేను ముందే చెప్పలేదా" అని రాశాను. ఆ కాపీల్లో ఏది తాళం వేసి ఉంది, ఏది లేదు, ఎవరికి ప్రమాదం ఎక్కువ, వాళ్లు వెంటనే ఏం చేయాలి అన్న వివరాలు ఆ కింద పేరాల్లోనే ఉన్నాయి. అంతదూరం వెళ్లలేదు. నా వాదనకు సాక్ష్యం దొరికింది, అది చాలనుకున్నాను.

మరి నా పాస్‌వర్డ్‌లు ఎక్కడుండేవి? సగం బ్రౌజర్లో. ఏదైనా సైట్లోకి వెళ్లగానే "సేవ్ చేయమంటారా" అని అడుగుతుంది చూడండి, అక్కడ ఆలోచించకుండా అవునని నొక్కడమే. మిగతా సగం ఫోన్ కాంటాక్టుల్లో, "గ్యాస్ సుబ్బారావు" లాంటి లేని మనుషుల పేర్ల కింద. అన్నిటికన్నా ముఖ్యమైనది నాన్న పుస్తకం. ఆయన హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. పెన్షన్ ఖాతా నంబరు, నెట్ బ్యాంకింగ్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఇన్సూరెన్స్ పాలసీ వివరాలు, కరెంటు సర్వీసు నంబరు... అన్నీ ఎర్ర అట్ట ఉన్న నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, బీరువాలో బట్టల కింద పెట్టేవారు. అది చూసి నాకు కంగారు. పుస్తకం పోతే? చెదలు పడితే? ఒకరోజు ఆయన నిద్రపోతున్నప్పుడు ఒక్కో పేజీ తిప్పుతూ ఫోన్‌తో ఫొటోలు తీశాను. ఆయనతో చెప్పలేదు. మంచిపనే చేశానన్న తృప్తి ఉండేది.

ఆ ఫొటోలు ఫోన్లో మాత్రమే ఉండిపోయే కాలం కాదు ఇది. ఫోన్ వాటిని తనంతట తాను క్లౌడ్‌లోకి పంపింది. కంపెనీ సర్వర్ల మీద నమ్మకం లేదని ఊరంతా చెప్పి తిరిగిన నేను, మా నాన్న పాస్‌వర్డ్‌లను ఏ తాళమూ లేకుండా సర్వర్లోనే పెట్టాను. ఇప్పటి ఫొటోల యాప్‌లు బొమ్మలోని అక్షరాలను కూడా చదవగలవు. తర్వాత ఒకసారి నా ఫొటోల్లో "పాస్‌వర్డ్" అని ఇంగ్లిషులో కొట్టి వెతికాను. మొదటి వరసలోనే నాన్న పుస్తకం పేజీ వచ్చి నిలబడింది. వెతికేది నేనైనా వచ్చేది, దొంగయినా వచ్చేది.

దొంగ రానే వచ్చాడు, తలుపు నేనే తీశాను. పాత పుస్తకం ఒకటి రీప్రింటు పని వచ్చింది. పాత ఫాంటులో ఉన్న మేటరును యూనికోడ్‌లోకి మార్చాలి. ఆ పనికి డబ్బు కట్టి కొనుక్కోవలసిన కన్వర్టర్ ఉంది. దాన్ని ఉచితంగా నడిపించే క్రాక్ దొరుకుతుందేమోనని వెతికాను, దొరికింది. యాంటీవైరస్ అడ్డం పడితే కాసేపు ఆపమని అందులోనే రాసి ఉంది, ఆపాను. ఇన్‌స్టాల్ నొక్కితే నల్ల కిటికీ ఒకటి మెరిసి మాయమైంది. కన్వర్టర్ మాత్రం పనిచేయలేదు. పాడు ఫైలు అనుకుని డిలీట్ చేసి అన్నానికి లేచాను.

ఆ క్రాక్‌లో దాక్కుని వచ్చినలాంటి దొంగ ప్రోగ్రాములను ఇన్‌ఫోస్టీలర్లు అంటారు. అవి కంప్యూటర్లో కాపురం పెట్టవు. వచ్చి, బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డ్‌లు, కుకీలు, కార్డు వివరాలు ఊడ్చుకుని, ఎక్కడికో పంపేసి వెళ్లిపోతాయి. రెడ్‌లైన్ అనేది వాటిలో బాగా పేరుమోసింది. 2024 అక్టోబరులో నెదర్లాండ్స్ పోలీసులు, అమెరికా తదితర దేశాలవాళ్లతో కలిసి దాని సర్వర్లను పట్టుకున్నారు. ఒకటి పోతే ఇంకొకటి వస్తూనే ఉంది. కుకీలు పోవడం ఎంత పెద్ద సంగతో నాకు అప్పటిదాకా తెలియదు. మనం ఒకసారి లాగిన్ అయ్యాక సైటు మనల్ని గుర్తుపట్టేది వాటితోనే. అవి చేతిలో ఉంటే దొంగకు పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు, నేరుగా లోపలే ఉంటాడు.

నా మెయిల్లోకి అలాగే దూరారు. మెయిల్‌తో పాటే ఫొటోలు. ఫేస్‌బుక్‌లో నా పేరుతో అందరికీ "అర్జెంటుగా కొంచెం డబ్బు కావాలి, సాయంత్రానికి వేసేస్తాను" అని మెసేజ్‌లు వెళ్లాయి. ప్రూఫులు చూసే ఒక పెద్దాయన, నాకు కష్టమొచ్చిందేమోనని, అడక్కుండా వదిలేస్తే బాగుండదని, వెంటనే పంపేశారు. ఆ డబ్బు నేను తిరిగి ఇచ్చాను. కానీ ఆయన ఆ పూట నా కోసం పడ్డ ఆందోళనను ఏం ఇచ్చి తీర్చను? సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. అంతలో నాన్న నెట్ బ్యాంకింగ్‌లోకి దూరడానికి ప్రయత్నం జరిగింది. ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది కాబట్టి డబ్బు పోలేదు. అనుమానం వచ్చి బ్యాంకువాళ్లు ఖాతాను లాక్ చేశారు. వాళ్లు చేసింది సరైన పనే. కానీ దాన్ని తెరిపించాలంటే ఖాతాదారుడే ఆధార్ పట్టుకుని బ్రాంచికి రావాలి.

ఎనభై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పులు. ఆటోలోంచి దింపి, చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చోబెట్టాను. మందుల డబ్బు కూడా ఆ ఖాతాలోనే ఉంది. మా నంబరు రావడానికి చాలాసేపు పట్టింది. ఆయన పాస్‌బుక్కు ఒళ్లో పెట్టుకుని, ఏదో లెక్క తేలని పిల్లాడిలా ఆలోచించి ఆలోచించి నా వైపు తిరిగి అడిగారు.

"ఒరేయ్, నా పుస్తకం బీరువాలోనే ఉంది కదా. పొద్దున కూడా చూశాను. మరి వాడికెలా తెలిసిందిరా?"

ఫొటో తీసిన సంగతి అప్పుడు చెప్పాను. ఆయన కోప్పడలేదు. "నన్నడిగి ఉంటే వద్దనేవాణ్ని" అన్నారు, అంతే. ఎర్ర అట్ట పుస్తకాన్ని ఆయన కట్టుదిట్టంగానే దాచుకున్నారు. రష్యాలోనో మరెక్కడో కూర్చున్నవాడు విజయవాడలో బీరువా తెరవలేడు. ఆ రక్షణను తీసేసినవాణ్ని నేను.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఆ శనివారం వచ్చి నా కంప్యూటర్‌ను ఫార్మాట్ చేశాడు. దానికి ముందు వాడు నాకొకటి చూపించాడు. దాచి ఉంచే యాప్‌డేటా ఫోల్డర్లో ఒకదాని లోపల ఒకటి తెరుచుకుంటూ వెళ్లి "లాగిన్ డేటా" అన్న ఫైలు దగ్గర ఆగాడు. "ఇదే మామయ్యా నీ ఖజానా" అన్నాడు. చిన్న ఫైలు. అందులో సైటు పేరు, యూజర్ పేరు మామూలు అక్షరాల్లోనే ఉన్నాయి. పాస్‌వర్డ్‌ల దగ్గర మాత్రం అర్థంకాని గుర్తులు. అది చూసి, తాళం ఉంది కదా అన్నాను. "ఉంది. తాళంచెవి పక్క ఫైల్లో ఉంది. నీ పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామ్ అడిగినా విండోస్ ఆ తాళంచెవిని విప్పి ఇచ్చేస్తుంది. నువ్వు నడిపిన క్రాక్ నీ పేరు మీదే నడిచింది కదా."

విండోస్‌లో క్రోమ్ చాలా ఏళ్లు ఇలాగే పనిచేసింది. 2024 జులైలో వచ్చిన 127వ వెర్షన్ నుంచి, కుకీలతో మొదలుపెట్టి, అడుగుతున్నది నిజంగా క్రోమేనా అని చూసే ఇంకో కట్టు వేశారు. కొద్ది నెలల్లోనే దొంగలు దానికీ దారులు కనిపెట్టారు. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుంది, పెట్టుకోకపోతే అక్కడా తాళంచెవి పక్కనే పడి ఉంటుంది. ఇనప్పెట్టె కొని, తాళం వేసి, తాళంచెవిని పెట్టె మీదే పెట్టి నిశ్చింతగా నిద్రపోయాను ఇన్నేళ్లూ.

పెట్టె ఎక్కడుంది అని కాదు, తాళంచెవి ఎవరి దగ్గరుంది అని అడగాలి. ఇంత చిన్న విషయం నా బుర్రకు ఎక్కడానికి ఇంత జరగాల్సి వచ్చింది. బిట్‌వార్డెన్ లాంటి మేనేజర్లో జరిగేది ఇది: వాల్టు తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ మన ఫోనూ కంప్యూటరూ దాటి బయటికి వెళ్లదు. అక్కడే దానికి మన ఈమెయిల్‌ను కలిపి, ఒక లెక్కను 6,00,000 సార్లు తిప్పి, యాప్ తాళంచెవిని తయారుచేస్తుంది. ఆ తాళంచెవితో వాల్టును ఏఈఎస్-256 పద్ధతిలో ముడివేసి, ఆ ముడినే సర్వర్‌కు పంపుతుంది. బిట్‌వార్డెన్ సర్వర్లు మైక్రోసాఫ్ట్ వారి అజూర్ క్లౌడ్‌లో ఉంటాయి. అక్కడి ఉద్యోగి ఆ ఫైలు తెరిచినా కనిపించేది గజిబిజే. లెక్కను అన్ని లక్షలసార్లు తిప్పేది దొంగను అలసగొట్టడానికే. మనకు ఒక్కసారి కాబట్టి అది రెప్పపాటు. కోట్ల పాస్‌వర్డ్‌లు ఊహించి ప్రయత్నించేవాడు ప్రతి ఊహకూ అంత పనీ చేయాలి. ఆర్గాన్2 అనే ఇంకో పద్ధతి ఉంది, 2015లో ఇలాంటి పద్ధతుల పోటీలో గెలిచింది. అది లెక్కతో పాటు మెమరీని కూడా బాగా తింటుంది. గుంపులుగా గ్రాఫిక్స్ కార్డులు పెట్టి ఊహించేవాడికి అందుకే అది ఇంకా భారం.

ఇవన్నీ తెలియక ముందు ఒకసారి అలాంటి యాప్‌ను తెరిచాను కూడా. మొదటి తెర మీదే, మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే మేము తిరిగి ఇవ్వలేం అని హెచ్చరిక. ఇదేం సర్వీసు, బ్యాంకయినా మర్చిపోతే కొత్తది ఇస్తుంది కదా అని చిరాకుపడి మూసేశాను. నాకు తిరిగి ఇవ్వగలిగితే వాళ్ల దగ్గర తాళంచెవి ఉన్నట్టే. వాళ్ల దగ్గర ఉంటే వాళ్ల ఇంట్లో పడిన దొంగ దగ్గరా ఉన్నట్టే. నేను వెతకాల్సిన భరోసా ఆ వాక్యంలోనే ఉంది, దాన్నే బెదిరింపుగా చదువుకున్నాను.

లాస్ట్‌పాస్ వార్తను ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా చదివాను. యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు, నోట్సు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నాయి. సైట్ల చిరునామాలు మాత్రం కాలేదు. ఎవరికి ఏ బ్యాంకులో, ఏ క్రిప్టో ఎక్స్ఛేంజీలో ఖాతా ఉందో చూసి, ఎవరి వాల్టు మీద కష్టపడితే గిట్టుబాటో ఎంచుకునే వీలు దొంగలకు దక్కింది. లెక్కను తిప్పే సంఖ్య అప్పటి కొత్త ఖాతాలకు 1,00,100 అయితే, పాత ఖాతాల్లో కొన్నిటికి 5,000 దగ్గరే ఉండిపోయింది, అంతకన్నా తక్కువున్నవీ బయటపడ్డాయి. గట్టి మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాడి వాల్టు ఎత్తుకుపోయినా తెరవడం గగనం. కొడుకు పేరూ పుట్టిన సంవత్సరమూ పెట్టుకున్నవాడి వాల్టు ఎన్నాళ్లో నిలవదు. అన్నిటికన్నా నన్ను ఆపేసిన వివరం వేరే ఉంది. ఆ బ్యాకప్ దాకా దొంగలు వెళ్లింది ఒక సీనియర్ ఇంజినీరు ఇంటి కంప్యూటర్ మీదుగా. అందులో ఉన్న ఏదో మీడియా సాఫ్ట్‌వేర్ లోపాన్ని పట్టుకుని, ఆయన కొట్టే అక్షరాలను పసిగట్టే కీలాగర్ పెట్టి, ఆయన మాస్టర్ పాస్‌వర్డ్‌నే పట్టేశారు. వాళ్లకూ దారి ఇంటి కంప్యూటరే, నాకూ దారి ఇంటి కంప్యూటరే. "నేను ముందే చెప్పలేదా" అని గ్రూపులో రాసి ఊరుకోకుండా, 2023లో బయటపడ్డప్పుడైనా ఈ ముక్క చదివి ఉంటే, క్రాక్ దించుకునేటప్పుడు నా వేలు ఒక్క క్షణమైనా ఆగేది.

ఇంత తెలిశాక కూడా ఇంకో పిచ్చిపని చేశాను. బిట్‌వార్డెన్ పెట్టుకుని, మాస్టర్ పాస్‌వర్డ్‌గా నాకు అలవాటైన పాతదాన్నే, చివర ఒక గుర్తు కలిపి ఇచ్చాను. మర్చిపోతానేమోనన్న భయం. మా మేనల్లుడు హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సైటు తెరిచి, ఆ పాతదాన్ని కొట్టమన్నాడు. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 2013 నుంచి నడుపుతున్న సైటు అది, బయటపడిన పాస్‌వర్డ్‌ల రాశి అంతా అక్కడుంది. అక్కడ కొడితే వాళ్లకు తెలిసిపోదా అన్నాను. తెలియదట. మన పాస్‌వర్డ్‌ను కంప్యూటర్లోనే హ్యాష్ అనే నలభై అక్షరాల ముద్రగా మార్చి, మొదటి ఐదు అక్షరాలే పంపుతుంది. ఆ ఐదుతో మొదలయ్యేవన్నీ అటు నుంచి వస్తాయి, మనది వాటిలో ఉందో లేదో ఇక్కడే చూసుకుంటుంది. ఉంది. ఎప్పుడో ఎక్కడో లీకైపోయింది. చివరి గుర్తు ఒక్కటి తప్ప, నేను అన్ని ఖజానాలకూ మూతగా పెట్టినది దొంగల జాబితాలో ముందే ఉంది.

అప్పుడు లూడో పెట్టెలోంచి పాచిక తీశాం. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో పెట్టిన డైస్‌వేర్ అనే పద్ధతి: పాచికను ఐదుసార్లు వేస్తే వచ్చే అంకెలకు ఒక మాట. జాబితాలో మాటలు 7,776. ఆరు మాటలు కావాలి. మా ఆవిడ పాచిక వేస్తుంటే నేను అంకెలు రాసుకున్నాను, మేనల్లుడు జాబితాలో మాట వెతికి చెప్పాడు. ఒక మాట నచ్చక, మార్చుకుందామా అన్నాను. "వద్దు మామయ్యా. నువ్వు ఎంచుకున్నవే ఇన్నాళ్లూ దొరికిపోయాయి" అన్నాడు. ఆరు మాటలకు 2 పక్కన 23 సున్నాలకు పైగా అమరికలున్నాయి. వాటిలో నాది ఏదో నాకూ ముందుగా తెలియదు, కాబట్టి నా గురించి ఎంత తెలిసినవాడైనా ఊహించలేడు. ఆ ఆరు మాటలతో ఒక పిచ్చి కథ అల్లుకున్నాను. తెల్లారేసరికి నోటికి వచ్చేసింది.

దీనితో అంతా భద్రమని చెప్పను, మళ్లీ అలాంటి ధీమా మాట నా నోట రాకూడదు. వాల్టు తెరిచి ఉన్న కంప్యూటర్లో దొంగ ప్రోగ్రాము నడుస్తుంటే ఏ మేనేజరూ కాపాడలేదు. సర్వర్ అసలే వద్దనుకునేవాళ్లకు కీపాస్ ఉంది, జర్మనీకి చెందిన డొమినిక్ రైషెల్ 2003 నుంచి చేస్తున్నది. వాల్టంతా ఒక్క ఫైలు, మన దగ్గరే. దానిలోనూ 2023లో, కంప్యూటర్ మెమరీలోంచి మాస్టర్ పాస్‌వర్డ్‌ను దాదాపుగా రాబట్టగల లోపం బయటపడితే 2.54 వెర్షన్లో సరిచేశారు. ఆ ఫైలుకు కాపీలు పెట్టుకోవలసిన బాధ్యత కూడా మనదే, డిస్కు పోతే అన్నీ పోయినట్టే. 1పాస్‌వర్డ్ వాళ్లు మాస్టర్ పాస్‌వర్డ్‌కు తోడు మన పరికరంలోనే పుట్టే 128 బిట్ల రహస్య తాళంచెవి ఒకటి కలుపుతారు. వాళ్ల సర్వర్లోంచి వాల్టు ఎత్తుకుపోయినా, మన పాస్‌వర్డ్ బలహీనమైనా, అది లేనిదే తెరుచుకోదు. అజాగ్రత్త మనుషులను దృష్టిలో పెట్టుకుని చేసిన ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. ఇంకో మేలు కూడా ఉంది: సైటు చిరునామా ఒక్క అక్షరం తేడా ఉన్నా మేనేజర్ పాస్‌వర్డ్ నింపదు. దొంగ బ్యాంకు పేజీ ముందు నా కళ్లు మోసపోవచ్చు, అది మోసపోదు.

నాన్న పుస్తకం జోలికి మళ్లీ వెళ్లలేదు. ఫొటోలన్నీ తీసేశాను, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. ఆయన కొత్త పాస్‌వర్డ్‌ను ఆయన చేత్తోనే పుస్తకంలో రాసుకున్నారు. ఆ ఇంట్లో, ఆ వయసులో, ఆయనకు అదే సరైన పద్ధతి. నా ఆరు మాటలు కూడా ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అతికించి మా ఆవిడకిచ్చాను, నాకేదైనా అయితే తనకు తలుపు మూసుకుపోకూడదు కదా.

మిగిలింది నా మాట నమ్మినవాళ్లు. వాట్సాప్‌లో మళ్లీ ఒక మెసేజ్ పెట్టి చేతులు దులుపుకోబుద్ధి కాలేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. డాలస్‌లో ఉన్న మా బావమరిదికి చేసినప్పుడు తెలిసింది: అతనికి లాస్ట్‌పాస్‌లో ఖాతా ఉండేదట. ఆనాడు నేను పెట్టిన లింకు చూసి, ఖాతా డిలీట్ చేసి, అదే పాస్‌వర్డ్‌లన్నీ బ్రౌజర్లోకి ఎక్కించుకున్నాడు.

"ఖాతానే తీసేశాను కదా బావా, ఇంకేముంది?"

"నువ్వు తీసింది వాళ్ల దగ్గరున్నది. ఎత్తుకుపోయిన కాపీ దొంగల దగ్గర అలాగే ఉంది. దాన్ని నువ్వు తీయలేవు, దాని మాస్టర్ పాస్‌వర్డూ మార్చలేవు. లోపల రాసి ఉన్నవి పనికిరాకుండా చేయడం ఒక్కటే మన చేతిలో ఉంది. అందులో ఉన్న ప్రతి పాస్‌వర్డూ మార్చు."

"ఇన్నేళ్లయ్యాకా?"

"ఇన్నేళ్లలో ఎన్ని మార్చావు?"

కాసేపు పలకలేదు. ఆరేడు మార్చి ఉంటానన్నాడు. మెయిల్ సంగతి అడిగాను. మార్చలేదు. మిగతా అన్నిటి పాస్‌వర్డ్‌లూ రీసెట్ అయ్యేది మెయిల్ మీదుగానే కాబట్టి ముందు అదే మార్చమన్నాను. తర్వాత బ్యాంకులు, ఆపైన పిల్లల కాలేజీ ఫండు ఖాతా. ఫోన్ పెట్టకుండా లాప్‌టాప్ తెరిచాడు. మొదట మెయిల్, తర్వాత రెండు బ్యాంకులు మార్చేదాకా లైన్లోనే ఉన్నాను. మిగతావి ఆదివారం కూర్చుని చేద్దాం బావా, నువ్వూ ఉండు అన్నాడు. సరేనన్నాను.